హిమజకు తోడు

టైఫాయిడ్ తగ్గింది కదా, హాఫ్ మారథాన్‌కి వెళ్ళవచ్చా అని అడిగితే డాక్టరుగారు, "మీ ఒళ్ళు ఏం చెబుతుందో వినండమ్మా" అన్నారు. విన్నాను. నా ఒళ్ళు మా ఆఫీసు మీటింగులాంటిది. అందరూ మాట్లాడతారు, ఒక్కటీ తేలదు. కాళ్ళు వెళదామంటాయి, నడుము వద్దంటుంది, నాలుక చేదు ఇంకా పోలేదు. జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటే ఆ వేడి నుదుటిదో చేతిదో తెలియదు.

వెళ్ళకపోతే కొంప మునగదు. మా ఆయన గంగాధరరావు అన్నదీ అదే. కానీ నేను వెళ్ళకపోతే హిమజ కూడా వెళ్ళడానికి లేదు. అదీ నా చిక్కు.

హిమజ నాచారంలో మా వీధి చివరి ఇంటి కోడలు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఎండాకాలం నుంచీ మేమిద్దరం కలిసి పరుగెత్తుతున్నాం. రోజూ పొద్దున్నే వాళ్ళత్త వెంకటనర్సమ్మ ఆ పిల్లను మా గేటు దాకా తీసుకొచ్చి, మేం మలుపు తిరిగేవరకూ అక్కడే నిలబడుతుంది. కాపలా అన్నమాట. మా భీమవరంలోనైనా ఇక్కడైనా అత్తలు అత్తలే. నా తోడు లేనిదే కోడల్ని గడప దాటనివ్వదని నాకు ఒకరు చెప్పాలా? నేను మంచంలో ఉండగా హిమజ బత్తాయిలు తెచ్చిచ్చి, "మీరు రాకుంటె నేను గూడ పోనక్కా" అంది. పాపం, లోపల ఎంత నలిగిపోతోందో అనుకున్నాను. నా జ్వరం మూలాన ఆ పిల్ల ఆశ మీద నీళ్ళు పోయడం నాకు ఇష్టం లేకపోయింది.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పరుగు ఉప్పల్ స్టేడియం దగ్గర మొదలై, హబ్సీగూడ, నాచారం మీదుగా పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ ఉప్పల్ చేరుతుంది. వెంకటనర్సమ్మ నాచారంలో నీళ్ళసీసా పట్టుకుని నిలబడతానంది. అక్కడిదాకా నేను హిమజ పక్కన కనిపిస్తే చాలు. ఆవిడ కళ్ళు దాటాక నేను ఏ అరుగు మీద కూలబడినా, పిల్ల వెళ్ళిపోతుంది.

ఉప్పల్‌లో జనం మధ్య నిలబడేసరికి వణుకు పట్టుకుంది. చలా, భయమా, జ్వరమా?

"అక్కా, మంచిగనే ఉన్నదా?" అంది హిమజ.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. ఉందో లేదో నాకే తెలియదు.

మెట్రో స్తంభాల పక్కగా పోతుంటే చెమట పట్టింది. సంతోషించబోయి ఆగాను. జ్వరం దిగేటప్పుడూ ఇలాగే పడుతుంది. ఇది ఏ చెమటో ఎవరిని అడగను? హిమజ నాకు అర అడుగు వెనకే వస్తోంది. "జర మెల్లగ పోదామక్కా" అంది. అప్పుడే అలిసిపోయినట్టుంది, ఈ పిల్ల చివరిదాకా ఎలా వెళుతుందోనని జాలిపడ్డాను.

హబ్సీగూడ దాటాక కళ్ళ ముందు దుకాణాల బోర్డులు కదలడం మొదలుపెట్టాయి. నాచారం వచ్చిందా, ఇంకా రాలేదా? ఏళ్ళ తరబడి తిరుగుతున్న రోడ్డే, ఎక్కడున్నానో తెలియలేదు. నిజంగా భయమేసింది. నేను ఇక్కడ పడిపోతే హిమజ ఆగిపోతుంది. ఆ పడేదేదో అత్తగారి కళ్ళు దాటాకే పడదామని పళ్ళు బిగించాను.

వెంకటనర్సమ్మ మేం కనబడగానే రోడ్డు మీదికే వచ్చేసింది. కోడలివైపు చూడనైనా చూడకుండా నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇగ గూసో అరుణమ్మా. మొఖం గుంజుకపోయింది. ఉరికింది సాలు."

నా ఉపాయం అంతా గంగలో కలిసింది. "నేను బాగానే ఉన్నాను నర్సమ్మగారూ. హిమజ పక్కన నేనుంటాను, మీరు దాన్ని పంపించండి" అని బతిమాలాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "దాన్ని నేను పంపుడేంది? నీకు జరం వచ్చిన సంది అదొక్కతె ఉరుకుతలేదా? నువ్వు యాడన్న కింద పడ్తవేమో, జర ఎంబడుండుమని నేనే జెప్పిన."

"మరి రోజూ మా గేటు దగ్గర కాపలా ఉండేవారు కదా?"

"గా మలుపు కాడి కుక్కల కోసం. నువ్వు కుక్కలను జూస్తె బుగులు వడ్తవంట."

నా బుర్ర తిరిగింది. నేను హిమజకు తోడా, హిమజ నాకు తోడా? ఆ పిల్లవైపు తిరిగి, "నేను రాకపోతే రానని ఎందుకన్నావే?" అని నిలదీశాను.

హిమజ తల వంచుకుంది. "మీరు మస్తు ఆశ పెట్టుకున్నరు గదక్కా. మంచంల వడ్డ మనిషికి నేను పోత అని ఎట్ల జెప్పాలె?"

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బరువు దిగిందని సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. అది నీరసం వల్లో, నేను అక్కర్లేదని తెలిసినందువల్లో అదీ తేలలేదు.

"పోనా అక్కా?" అంది హిమజ.

ఆగమనాలనిపించింది. మీరు లేకుండా నావల్ల కాదని ఆ పిల్ల అంటే ఎంత బాగుండునో అనిపించింది. "వెళ్ళు" అన్నాను.

వెళ్ళింది. ముందున్న వాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ, నేను ముక్కు తుడుచుకునేలోగా మల్లాపూర్ వైపు మలుపు దాకా పోయింది. నాకు తెలిసిన హిమజ ఎప్పుడూ నాకు అర అడుగు వెనకే ఉండేది.

"ఇంత వేగంగా పరుగెత్తుతుందా ఇది?" అన్నాను.

వెంకటనర్సమ్మ నీళ్ళసీసా మూత తీసి నా చేతికిచ్చింది.

"రోజు గిట్లనే ఉరుకుతది, నిన్ను ఇంట్ల దించినంక. నువ్వెన్నడు సూడలె."