చేతికి తగిలిన గడ్డ

యాభై దాటాక నర్సు ఉద్యోగం మానేసి ప్రకృతి వైద్యంలోకి దిగుతున్నానని నర్సమ్మ చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ నోళ్ళు వెళ్ళబెట్టారు. అక్క మొగుడైతే పగలబడి నవ్వాడు. ఇన్నాళ్ళూ మరదలు సూదులతో పొడిచింది, ఇక వేళ్ళతో పొడుస్తుందట అన్నాడు. వెనకేసుకొచ్చింది అక్క ఒక్కతే. అది ఏం చేసినా ఆలోచించే చేస్తుందంది.

నిజానికి ఆలోచించి చేసిన పని కాదది. పెద్దాసుపత్రిలో, ప్రాణాల మీదకొచ్చినవాళ్ళని ఉంచే వార్డులో ఆమె సగం జీవితం గడిచిపోయింది. యంత్రం కూస్తే పరుగెత్తడం, మనిషి మూలిగితే "వస్తున్నా" అనడం అక్కడ అలవాటైపోయింది. ఒక మధ్యాహ్నం ఒక ముసలావిడ ఆమె కొంగు పట్టుకుని, కాసేపు కూర్చోమ్మా అని అడిగింది. వస్తున్నా అని చెప్పి ఇంకో మంచం దగ్గరకు పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. ఆ తర్వాత ఆ వార్డులో ఆమె కాలు నిలవలేదు.

పెద్ద మేడం అని అందరూ పిలిచే ఒకావిడ దగ్గర కొత్త విద్య నేర్చుకుంది. తైలంతో ఒళ్ళు పట్టడం, ఆవిరి పెట్టడం, ఊపిరి నిదానం చేయించడం, తిండీ నిద్రా సరిదిద్దడం. తర్వాత మేడం నడిపే చికిత్సాలయంలోనే ఒక గది, ఒక బల్ల ఆమెకు దొరికాయి. ఒక్క మనిషి దగ్గర తీరిగ్గా, తొందరపడకుండా కూర్చోవడం ఆమెకు కొత్త. ఆ సంతోషంలో, నలుగురి వెక్కిరింతకూ జవాబు చెప్పాలన్న ఉక్రోషంలో, భోజనాల దగ్గర ఒకటికి రెండు మాటలు ఎక్కువే అనేది. ఆసుపత్రివాళ్ళకు కోయడం తప్ప ఏం తెలుసనేది. అక్క చెవులప్పగించి వినేది.

అలాంటి అక్క ఒకరోజు భుజం పట్టేసిందని వచ్చింది. బల్ల మీద పడుకుంది గానీ ఎడమ చెయ్యి పైకెత్తదు. నర్సమ్మ మెల్లగా తైలం రాస్తూ భుజం కిందకు, చంకవైపు వేళ్ళు జరిపింది. వేళ్ళు ఆగిపోయాయి. గడ్డ. రాయిలా గట్టిగా ఉంది, అటూ ఇటూ కదలడం లేదు. మనిషి ఉద్యోగం మానేసినా చేతులు మానవు. ఆ చేతులకు తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచక్కా ఇది?"

అక్క కళ్ళు తెరవలేదు. "నీ చేతికి తగులుతుందని తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నీ దగ్గరికి రాలేదు."

మిగతాది ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. రొమ్ములో కూడా ఉందట. నెలలు గడిచాయట. చెల్లెలికి సెలవున్న రోజుల్లో వచ్చి పెద్ద మేడంకే చూపించుకుంటోందట. ఆవిడ గడ్డ మీద మూలికల పట్టు వేస్తోంది, పథ్యం చెప్పింది, కరిగిపోతుందంది. ఇంట్లో ఆయనకు తెలీదు.

నర్సమ్మ తైలం గిన్నె పక్కన పెట్టేసింది. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం లెమ్మంది. అక్క దిగ్గున లేచి కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుంది.

"కోయడం తప్ప వాళ్ళకేం తెలుసని నువ్వే కదే అన్నావు? మీ బావకు చెప్పావంటే నా మీద ఒట్టే."

తన మాటే తిరిగొచ్చి చెంప పగలగొట్టినట్టయింది. చేతులైనా తుడుచుకోకుండా పక్క గదిలో ఉన్న మేడం దగ్గరికి వెళ్ళింది.

మేడం చెడ్డ మనిషి కాదు. నిద్ర కరువైనవాళ్ళనీ, నడుం వంగిపోయినవాళ్ళనీ ఎందరినో తేలికపరిచింది. అందుకే నర్సమ్మ మాట మెత్తగానే ఎత్తింది. అక్కకు పరీక్ష ఏదైనా చేయించారా అని అడిగింది. శరీరం తనంతట తాను చెబుతుంది, తొందరపెట్టకూడదంది మేడం. నీ కళ్ళింకా ఆసుపత్రి కళ్ళే అని నొచ్చుకుంది కూడా.

"మీరు నేర్పినదాంట్లో నిజమెంతో నా చేతులతో చూశాను మేడం. దీనికి మాత్రం అది చాలదు."

"ఆమె నమ్మి వచ్చింది. ఆ నమ్మకం చెడగొడితే ఇక్కడ నీకు బల్ల ఉండదు," అంది మేడం, గొంతు పెంచకుండానే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బయటికొచ్చి చూస్తే తన గది ఖాళీ. అక్క వీధిలో గబగబా నడిచిపోతోంది. నర్సమ్మ చెప్పులైనా వేసుకోకుండా వెంటపడింది. బస్సు కదులుతుంటే ఎక్కింది. ఇద్దరూ ఒకే సీటులో, ముక్కూ మొహం తెలియనివాళ్ళలా కూర్చున్నారు. దిగే ముందు నర్సమ్మ ఒక్క మాట చెప్పింది. బావకు నువ్వైనా చెప్పు, లేకపోతే నేను చెబుతాను.

ఇంట్లో బావ వరండాలో కూర్చుని ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. మరదలి ఉత్త కాళ్ళు చూసి ఏదో హాస్యం ఆడబోయాడు. ఏమీ లేదు, ఊరికే వచ్చిందంది అక్క. ఊరికే రాలేదు బావా అంది నర్సమ్మ. ఒట్టు తీసి గట్టున పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. బావ చేతిలోని స్క్రూడ్రైవరు జారిపడింది. అక్క లోపలికి పోయి ధడాలున గడియ పెట్టుకుంది.

ఎంత పిలిచినా పలకదు. బావ తలుపు బాదాడు, బతిమాలాడు, చివరికి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నర్సమ్మ తలుపుకు తల ఆనించింది.

"ఆసుపత్రి పనికిరాదని మానలేదక్కా నేను. మనిషి పక్కన కూర్చునే తీరిక దొరక్క మానేశాను. నలుగురిలో గొప్పకు ఇంకోలా చెప్పాను."

గడియకు అవతల, బాగా దగ్గరగా, అక్క గొంతు వినిపించింది.

"నీ మాట నమ్మి కాదే నేను ఆగింది. నాకు భయం. నీ మాట దొరికింది, అడ్డం పెట్టుకున్నాను."

"భయపడు. ఎవరు వద్దన్నారు? అక్కడికొచ్చి భయపడు. నేను పక్కనే కూర్చుంటాను. లేవను."

గడియ తీసిన చప్పుడు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు మాత్రం బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడే పెద్దాసుపత్రిలో పరీక్షలు. ఫలితం వచ్చేదాకా ముగ్గురికీ ముద్ద దిగలేదు. నర్సమ్మ వేళ్ళు చెప్పిందే డాక్టరూ చెప్పాడు. క్యాన్సరే, చంక దాకా పాకింది, ఇంకా ముందుకు పోలేదు, ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే చెప్పలేం అన్నాడు. ఇప్పటికీ గట్టిగా మాటివ్వలేను గానీ చేయగలిగింది చాలా ఉందన్నాడు. ఆపరేషనైంది. తర్వాత సెలైన్లో మందులెక్కించడం మొదలుపెట్టారు.

ఒకప్పుడు తన చేతి కింద పనిచేసిన అమ్మాయే ఇప్పుడు ఈ మందులెక్కించే వార్డుకు పెద్ద నర్సు. మిమ్మల్ని కుర్చీలో కూర్చోగా చూడడం ఇదే మొదటిసారి సిస్టర్ అని నవ్వింది. మందు యంత్రం కూసినప్పుడల్లా నర్సమ్మ కాళ్ళు వాటంతటవే లేవబోయేవి. అణుచుకుని కూర్చునేది. కోసిన చోటికి దూరంగా ఉంటే సరే అని డాక్టరు ఒప్పుకున్నాడు కనక, వాంతులు తన్నుకొచ్చినప్పుడు అక్కచేత నిదానంగా ఊపిరి తీయించేది, పాదాలకు తైలం రాసేది. అప్పుడు అక్కకు కాస్త కునుకు పట్టేది.

చికిత్సాలయంలో ఆమె బల్ల వేరేవాళ్ళకు ఇచ్చేశారు. సామాను తెచ్చుకోవడానికి వెళితే, మీ అక్కకెలా ఉందని మేడం అడిగింది. చెప్పింది. ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు. ఇప్పుడు నర్సమ్మ ఇంటి ముందు గదిలోనే చికిత్స చేస్తోంది. అనుమానం తగిలితే ముందు పరీక్ష చేయించుకు రమ్మంటుంది. కొందరు మొహం ముడుచుకుని మళ్ళీ రారు.

అక్క మాత్రం చాన్నాళ్ళు ముక్తసరిగానే మాట్లాడింది. ఒట్టు గట్టున పెట్టినందుకు కోపం. ఒకరోజు మందెక్కుతుంటే, రుమాలు చుట్టుకున్న తల గోడవైపు తిప్పుకునే అంది.

"నీవల్లే బతికానని నా నోటితో అనిపించుకోవాలని చూస్తున్నావు కదూ? అనను."

"అనకులే."

"కబుర్లు ఆపి, మడమ దగ్గర కాస్త గట్టిగా నొక్కు. అక్కడ లాగేస్తోంది."

నర్సమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, అక్క పాదం ఒళ్ళో పెట్టుకుంది.