సరిపోయింది

మా వంటశాలలో గిన్నె పొయ్యి మీది నుంచి దిగాలంటే ఒక మాట కావాలి. ఆ మాట నేను అనాలి. గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని, నాలుకకి తగిలించి, ఒక్క క్షణం ఆగి, "సరిపోయింది" అనాలి. అప్పుడే ప్లంబర్ పనిచేసే తమ్ముడొకడు రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని గిన్నె దించుతాడు.

గురువారం, ఆదివారం నూట ఇరవై మందికి వండుతాం. సామాజిక భవనం వెనక ఒకప్పుడు లారీలు నిలిపిన స్థలంలో తోట ఉంది. అందులో కాసింది వండి, ఎవరొస్తే వాళ్ళకి పెడతాం. రాత్రి డ్యూటీ దిగిన వాళ్ళు వస్తారు, బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు వస్తారు, ఇంట్లో ఒక్కళ్ళకే వండుకోబుద్ధి కాని వాళ్ళు వస్తారు. మొదట్లో నేనూ ఆ చివరి రకంగానే వచ్చాను.

నా పని కళ్ళద్దాల షాపు వెనక గదిలో లెన్సులు అరగదీయడం. రోజంతా యంత్రం, నీళ్ళ చప్పుడు, నేను. రెండేళ్ళ క్రితం ఇక్కడ మొదటి ముద్ద తిని, "ఇందులో ఉప్పు రెండు చేతులు వేశాయి" అన్నాను. వంట పెద్ద గరిటె పట్టుకుని వచ్చింది. ఆమెను అందరూ వదిన అంటారు. పాతికేళ్ళు హాస్టల్ మెస్ నడిపిన మనిషి. విచారిస్తే నిజమేనని తేలింది, ఇద్దరు వేశారు. "ఇది నోరా, తూకమా?" అంది వదిన. ఆ రోజు నుంచి నా పేరు నాలుక. నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలవడం అదే మొదలేమో అనిపించింది, యాభై ఒక్క ఏళ్ళకి.

ఏడు వారాల క్రితం జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మర్నాడు కాఫీ తాగితే వాసనా లేదు, రుచీ లేదు, అది వేడిగా మాత్రమే ఉంది. ఉప్పు నోట్లో వేసుకున్నాను, ఇసుక. నిమ్మకాయ కొరికాను, తడి. "రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కాదని మొదటి వారం అనుకున్నాను. రెండో వారానికి అలా అనుకోవడం కూడా మానేశాను, పద్ధతి దొరికింది కాబట్టి. గిన్నెలో నీళ్ళు ఎంతవరకు ఉంటే ఉప్పు ఎన్ని చెంచాలో ఇంట్లో తూచి చూసుకున్నాను. వరుసలో ఎప్పుడూ ముందుండే రిటైర్డ్ కండక్టర్ గారి ముఖం చూసేదాన్ని. ఉప్పు తగ్గితే ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. లేవలేదు. అరచేయి నాకి, ఒక్క క్షణం ఆగి, "సరిపోయింది" అనేదాన్ని. ఆగడం మాత్రం మునుపటికంటే కాస్త ఎక్కువసేపు ఆగేదాన్ని. దొంగకి నడక మీద శ్రద్ధ ఎక్కువ.

ఈ ఆదివారం తోట పిన్ని సొరకాయలు తెచ్చింది. పిన్ని ఒకప్పుడు నర్సు. ఇప్పుడు మొక్కలకి అదే గొంతుతో, అదే కోపంతో వైద్యం చేస్తుంది. తోపుడు బండిలో పద్దెనిమిది కాయలు పేర్చుకుని తోసుకొచ్చింది.

"పోయినేడు నేను దాచిన విత్తనమే. చూడు ఎలా ఉన్నాయో, నూనె రాసినట్టు."

"పిన్నీ, ఇవి కాయలా, నీ మనవళ్ళా?" అన్నాడు ప్లంబర్.

"మనవళ్ళయితే ఇంత చెప్పిన మాట వింటారా? ఇదిగో నాలుకా, చేదు చూడు. ఒక్కటీ వదలకు. చేదు సొరకాయ తిన్నవాళ్ళని వార్డులో చూశాను నేను, నెత్తురు కక్కుకున్నారు."

సొరకాయని చేదు చూడకుండా ఏ ఇంట్లోనూ కొయ్యరు. మా వంటశాలలో ఆ పని కూడా నాదే. వదిన ప్రతి కాయకీ ఓ చెక్క తీసి పళ్ళెంలో వరసగా పెట్టింది. పద్దెనిమిది తెల్లటి చెక్కలు. ప్లంబర్ ఒకటి అందుకోబోతే వేళ్ళ మీద కొట్టింది. "లెక్క తప్పుతుంది. క్యారెట్లు తిను."

మొదటి చెక్క నమిలి ఊసేశాను. మెత్తగా ఉంది, చల్లగా ఉంది. అంతే.

అప్పుడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. అన్నీ ఒకే చోట కాసినవి కదా అనుకున్నాను. విత్తనం పిన్నిది, పిన్ని పొరపాటు చేయదు అనుకున్నాను. నేను జన్మలో తిన్న వందల సొరకాయల్లో చేదువి ఎన్ని, రెండో మూడో అనుకున్నాను. మనసుకి సాక్షులు కావలసి వస్తే ఎంత చప్పున పోగుచేస్తుందో! రెండో చెక్కకి "ఊఁ" అన్నాను. మూడోదానికి "ఊఁ". నా ప్రతి ఊఁకీ వదిన కత్తి ఒక కాయని ముక్కలు చేసింది. పద్దెనిమిది ఊఁలు అయిపోయాయి. ముక్కలు పప్పులో పడ్డాయి. చెక్కలన్నీ ఊసేశాను గాని, ప్రతి ఊఁ మాత్రం లోపల ఎక్కడో లెక్క రాస్తూ దిగినట్టనిపించింది.

ముప్పావుగంటకి వదిన పిలిచింది. "నాలుకా, రా."

వడ్డించే కిటికీ అవతల వరుస అప్పటికే గేటు దాటింది. ముందు కండక్టర్ గారు. ఆయన వెనక ఒక తల్లి, ఆమె చంకలో ఏడాది పిల్ల. పిల్ల ఖాళీ చెంచా చప్పరిస్తూ నన్నే చూస్తోంది.

అరచేతిలో వేడి. నాలుకకి తగిలించాను. ప్లంబర్ గుడ్డలు చుట్టుకుని నిలబడ్డాడు. మాట రావాలి. రెండేళ్ళలో రెండు వందలసార్లు అన్న మాట. పిల్ల చెంచా నోట్లోంచి తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"సరిపోలేదు" అన్నాను.

"ఉప్పా?" అంటూ వదిన డబ్బా అందుకుంది.

"ఉప్పు కాదు వదినా. నేను."

ఎవరికీ అర్థం కాలేదు. ప్లంబర్ నవ్వబోయి నా ముఖం చూసి మానేశాడు.

"నాకు రుచి తెలియడం లేదు. ఏడు వారాలైంది. ఆ కాయలు చేదో కాదో నాకు తెలియదు. ఊరికే ఊఁ అన్నాను."

వదిన చెంచా ముంచి, ఊది, నాలుక కొసకి ఆనించింది. వెంటనే తొట్టి దగ్గరికి పరిగెత్తి ఉమ్మింది. పుక్కిలించింది. మళ్ళీ ఉమ్మింది.

"విషం" అంది. "చేదు విషం. పొయ్యి ఆపెయ్."

తర్వాత తిట్టింది. తిట్టాలి కూడా. "ఉప్పూ కారం తినే మనిషివేనా నువ్వు?" అంది.

"తింటున్నాను. తెలియడం లేదంతే" అన్నాను. వేళాకోళానికి కాదు, నిజంగా అదే జవాబు. పిన్ని పక్కకి తిరిగి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఏప్రాన్ ముడి విప్పుకోవడం మొదలుపెట్టాను. తడి ముడి, రాలేదు.

"ఎక్కడికి?" అంది వదిన.

"వెళ్తాను."

"వెళ్ళి? అవతల నూట ఇరవై మంది. బంగాళాదుంపలు ఎవరు చెక్కుతారు, నీ ఏప్రానా? ఏడవాలంటే తర్వాత తీరిగ్గా ఏడువు. కూర్చో."

కూర్చున్నాను. పిన్ని తోటలోకి పరిగెత్తి టమాటాలు, పాలకూర కోసుకొచ్చింది. ప్లంబర్ ఆ గిన్నెలోది మొత్తం ఎవరూ ముట్టుకోని చోట గొయ్యి తీసి పూడ్చి, కిటికీ దగ్గరికి వెళ్ళి, "అరగంట ఆలస్యం. ఇవాళ మా వంటకి వేళ బాలేదు" అని చెప్పొచ్చాడు.

దుంపలు చెక్కుతూ ఉండగా నా పక్కన పీట వేసుకున్నాడు.

"అక్కా, ఓ మాట. పోయిన నెల రెండుసార్లు ఉప్పెక్కువైంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు సరిపోయింది అన్నావుగా. నా నోరే పాడైందనుకున్నా. ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి కూడా అన్నాను, నీ కూరలో ఉప్పు తక్కువని."

వదిన పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది, "నాకూ అనిపించింది ఒకసారి. నాలుక అన్నాక ఇంకేముందిలే అనుకున్నా."

నా చేతిలో కత్తి ఆగింది. మా షాపులో ముందు గదిలో కళ్ళ డాక్టరు అడుగుతుంటాడు, ఇది స్పష్టంగా ఉందా, ఇదా అని. చాలామంది అద్దంలోంచి అక్షరాలు చూడరు, డాక్టరు ముఖం చూస్తారు. వెనక గదిలో ఉండి నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో. ఏడు వారాలుగా నేను కండక్టర్ గారి కనుబొమ్మ చూశాను, వీళ్ళు నా ముఖం చూశారు. అన్నాళ్ళూ రుచి పోగొట్టుకున్నది నేను ఒక్కదాన్నే కాదు. నా ఒక్క మాటకి అందరి నాలుకలూ మూగబోయాయి. నాకు భయం వేసింది. భయంతో పాటు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, కొంచెం తేలికగా కూడా అనిపించింది.

కూర ఉడికింది. వదిన ఉప్పు వేసి, గరిటె నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు?"

"నువ్వు చూడకు. చూపించు. ఒక్కొక్కళ్ళనీ అడుగు. నీ ముఖం మాత్రం గోడ వైపు పెట్టు."

గోడ వైపు తిరిగి గరిటె వెనక్కి చాచాను.

"తక్కువ" అన్నాడు ప్లంబర్.

"నీకు తక్కువే. నీ రక్తపోటు చూశావా ఎప్పుడైనా?" అంది పిన్ని. "సరిగ్గా ఉంది."

"ఒక్క రవ్వ పడొచ్చు" అంది వదిన.

నేను ఒక్క రవ్వ వేశాను. మళ్ళీ గరిటె చాచాను. మూడు చప్పరింపులు వినిపించాయి. తర్వాత ముగ్గురూ ఒకేసారి, వేరువేరు గొంతులతో, "సరిపోయింది" అన్నారు. ఆ మాట బయటి నుంచి విని ఎన్నాళ్ళయిందో.

కండక్టర్ గారు మొదటి ముద్ద తిన్నారు. ఎడమ కనుబొమ్మ కదలలేదు. పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, "ఇవాళ చెయ్యి మారినట్టుందే" అన్నారు.

"చెయ్యి కాదండీ, నాలుకలు" అన్నాడు ప్లంబర్. "ఒకటి పోయి మూడొచ్చాయి. మరి అక్కని ఏమని పిలవాలి ఇక?"

"నాలుక అనే పిలువు" అన్నాను. "మాట్లాడటానికైనా పనికొచ్చిందిగా, ఆలస్యంగా."

సాయంత్రం పిన్నితో కలిసి సొరపాదు పీకాను. కంచె అవతల గోడ మీద ఎవరో అందానికి పెంచుకునే చేదుబుర్ర తీగ పాకి ఉంది, తినడానికి పనికిరాని సొర జాతి. తేనెటీగలు పోయినేడే రెండింటి పుప్పొడినీ కలిపేశాయనీ, ఆ విత్తనాన్ని తానే దాచిందనీ పిన్ని చెప్పింది. "నీ నాలుక, నా విత్తనం. ఇద్దరం చెరో కొస పట్టుకుని లాగాం" అంటూ తీగని చుట్ట చుట్టింది.

టమాటా మొక్కల మధ్యగా వస్తుంటే అలవాటుగా ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. పిన్ని చూసింది.

"ఇటివ్వు." తను వాసన చూసింది. కళ్ళు మూసుకుని ఆలోచించింది. "పచ్చిగా ఉంది. కాస్త ఘాటు. వాన పడ్డ ఇనుప గేటులా ఉంది."

"గేటు కాదు పిన్నీ. కొత్త తాళంచెవి. అరచేతిలో చాలాసేపు పట్టుకుంటే వస్తుందే, ఆ వాసన."

పిన్ని మళ్ళీ వాసన చూసింది. "అవునే" అంది ఆశ్చర్యంగా. "తాళంచెవే."

ఇంకో ఆకు నలిపి ఆమెకిచ్చాను. "ఇది కొత్తిమీర. చెప్పు."