ఏడో పెట్టె

"నోరు తెరువు," అన్నాడు జక్రయ్య.

ఆరాధన తెరిచింది. నాలుక పైకెత్తి, రెండు బుగ్గలూ వేళ్ళతో లాగి మరీ చూపించింది. లోపల మాత్ర లేదు. గ్లాసులో మిగిలిన నీళ్ళు అలవాటుగా మెట్ల పక్కనున్న గోంగూర పెట్టెలో పోసింది.

"మింగానన్నానుగా నాన్నా. రోజూ ఈ పోలీసు డ్యూటీ ఏంటి?"

"ఇవాళ రిపోర్టు చెప్పుద్దిలే, మింగావో ఊశావో."

జక్రయ్య కుదురుగా కూర్చోలేని మనిషి. అన్నం తింటున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ప్రత్తిపాడు రోడ్డు పక్కన, ఇంటి ముందరి రేకుల పందిరి కింద ఇరవై రెండేళ్ళుగా ట్రాక్టరు బ్యాటరీలు విప్పి బాగుచేస్తున్నాడు. చొక్కా నిండా యాసిడ్ చిల్లులు. గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా వదలని బూడిదరంగు.

జనవరిలో పిల్లకి కడుపునొప్పి పట్టుకుంది. చదివింది చదివినట్టే మరిచిపోయేది. గుంటూరు తీసుకుపోతే డాక్టరు మాధురి గారు నెత్తురు పరీక్ష చేయించి, ఒంట్లో సీసం ఉందన్నారు. ఇరవై ఆరు. అంత ఉండకూడదట. ఐరను, కాల్షియం, సి విటమిను మాత్రలు రాశారు. అవి సరిపడా ఉన్న ఒంట్లోకి సీసం అంత తేలిగ్గా ఎక్కదన్నారు. ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. సీసం ఇంట్లోకి రాకుండా చూసుకోమని రెండుసార్లు చెప్పారు.

ఆ రోజు నుంచి జక్రయ్య స్నానం చేయకుండా గడప తొక్కలేదు. పని బట్టలు విడిగా ఉతుక్కున్నాడు. సీసం కరిగించే పొయ్యి రోడ్డు అంచుకి మార్చాడు. అయినా చేతులు ఊరుకోలేదు. ఖాళీ పెట్టెలు ఏడు తెచ్చి, పందిరి పక్క మట్టి నింపి, గోంగూర చల్లాడు. గోడ వెంట ఆరు, మెట్ల పక్కన ఒకటి. ఎర్రకాడ ఏపుగా లేచింది. రోజు మార్చి రోజు పప్పులోకో పచ్చడిలోకో కోసేవాడు. పిల్లకి తగ్గుతుందని తనూ, భార్య ఎలీసమ్మా ముట్టేవాళ్ళు కాదు. రెండో రిపోర్టుకి బయల్దేరిన ఆ పొద్దున పక్కింటి సుబ్బరావమ్మ ఒక కట్ట అడిగినా, "పిల్లకమ్మా, ఏమీ అనుకోకు," అని పంపేశాడు.

గుంటూరులో ఈసారి నెత్తురు రిపోర్టు చూసి డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముప్పై ఒకటి.

జక్రయ్య కూతురి వైపు తిరిగాడు. "ఊశావు కదూ?"

"మింగాను," అందా పిల్ల నేల చూస్తూ.

"పిల్లనేం అనకండి. ఇంట్లో ఏం తింటోంది?" అన్నారు డాక్టరు గారు.

"గోంగూరేనండి," అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. "కొన్నది కాదండి, నేనే పెంచా. బ్యాటరీ పెట్టెల్లో."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. "బ్యాటరీ పెట్టెలా? మట్టి?"

"మా పందిరి పక్కదేనమ్మా. పెట్టెలు శుభ్రంగా కడిగా."

ఆమె కసరలేదు. కసిరితే బాగుండునని తరవాత అనిపించింది అతనికి. "మాత్రలు కొంత అడ్డం పడతాయంతే జక్రయ్య గారూ. రోజూ కంచంలోంచే వస్తుంటే అవి మాత్రం ఏం చేస్తాయి?"

"మట్టి తీసేస్తానండి."

"ఇరవై రెండేళ్ళ మట్టి. ఎంత లోతు తీస్తారు? ముందు పిల్లని అక్కడి నుంచి తీయండి."

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ప్రత్తిపాడు దాకా నిలబడే వచ్చాడు.

"కూర్చో నాన్నా," అని రెండుసార్లు అంది పిల్ల. వినలేదు.

ఇంటికి రాగానే గోడ వెంట గోంగూర వేళ్ళతో సహా పీకాడు. మట్టి యూరియా సంచుల్లోకి ఎత్తి మూతులు కట్టాడు. సుబ్బరావమ్మ గోడ మీంచి చూసింది.

"పొద్దున కట్ట అడిగితే పిల్లకన్నావు. ఇప్పుడు పీకి పారేస్తన్నావా? నాకియ్యటానికి మనసు రాలా?"

"తినే ఆకు కాదమ్మా అది."

"మూడు నెల్లు మీ పిల్ల తిన్లేదా?"

జక్రయ్య ఆఖరి సంచి మూతి బిగించి కట్టాడు. సంచి భుజానికెత్తుకుని కాలువ దాకా వెళ్ళాడు. అక్కడ గేదెలు దిగి ఉన్నాయి. మిరప చేల గట్టుకి వెళ్ళాడు. అక్కడ మేకలు. సంచి తెచ్చి మళ్ళీ గోడకే ఆనించాడు.

సాయంత్రం పిల్లని చీరాల బస్సు ఎక్కించాడు. వేటపాలెంలో ఎలీసమ్మ చెల్లెలు జీడిపప్పు కంపెనీలో పనిచేస్తుంది. పది అయిపోయింది కనక ఇంటరు అక్కడే. దింపి రావడానికి ఎలీసమ్మ కూడా ఎక్కింది. మాత్రల కవరు కిటికీలోంచి అందించి జక్రయ్య అక్కడే నిలబడ్డాడు. ఏదో అనాలి. "ఊశావు కదూ" అన్న మాటే ఇంకా చెవుల్లో ఉంది.

ఆరాధన ఒక మాత్ర నోట్లో వేసుకుని, సీసా ఎత్తి నీళ్ళు తాగి, అడక్కుండానే నోరు తెరిచింది. నాలుక పైకెత్తి, రెండు బుగ్గలూ లాగి.

"చాల్లే, మూసుకో," అన్నాడు. "దుమ్ము పోద్ది."

బస్సు వెళ్ళింది. వెనకే మిరపకాయల లారీ వచ్చి ఆ దుమ్మును మళ్ళీ లేపింది.

ఇంటికొచ్చి, మెట్టెక్కబోతూ ఆగాడు. పక్కనున్న ఏడో పెట్టె పీకడం మరిచిపోయాడు. రోజూ గ్లాసులో మిగిలిన నీళ్ళు పడ్డందుకేమో, అందులో గోంగూర పీకేసిన ఆరింటికన్నా ఏపుగా, లేత చిగుళ్ళతో నిగనిగలాడుతోంది.