పెద్దక్క చేతిలో సిరంజి

మా వార్డులో ఒక కట్టుబాటు ఉంది. ఇన్సులిన్ ఒకరు సిరంజిలోకి తీస్తే, ఇంకొకరు కళ్లారా చూసి "చూశాను" అనాలి. ఆ తర్వాతే సూది వెయ్యాలి.

ఆ ఉదయం మందు తీసింది పెద్దక్క. మా హెడ్ నర్సు. ఆవిడ నోరు తెరిస్తే డాక్టర్లు కూడా పక్కకి తప్పుకుంటారు. ముందురోజే అందరి ముందూ నన్ను కడిగిపారేసింది, తన పనికి వంకలు పెడుతున్నానని. నాకూ రోషం తక్కువేం కాదు. ఇక ఆవిడతో మాట్లాడితే ఒట్టు అనుకున్నాను.

పక్కన కొత్తగా చేరిన నర్సు నిలబడింది. కొత్తపిల్ల అంటాం. పెద్దక్క పిలిస్తే చాలు, ఆ పిల్లకి పైప్రాణాలు పైనే పోతాయి.

"ఎనిమిది యూనిట్లు. చూశావా?"

"చూశానక్కా."

ఎక్కడ చూసింది! పక్క మంచం దగ్గర కట్టు మారుస్తూ నేను గమనిస్తూనే ఉన్నాను. ఆ పిల్ల కళ్లు పెద్దక్క మొహం మీద ఉన్నాయి, కోపంగా ఉందో లేదో అని. సిరంజి వైపు చూసింది నేను. అది ఇన్సులిన్‌ది కాదు, మామూలు ఒక ఎమ్మెల్ సిరంజి. దాని మీద పాయింట్ ఎనిమిది గీత దాకా నింపేసరికి మందు పదింతలైంది.

మంచం మీది పేషెంటు, ఒక దర్జీ, అప్పటికే చొక్కా పైకెత్తి పొట్ట చూపిస్తున్నాడు. అంత మందు ఎక్కితే షుగర్ పడిపోయి మనిషి దక్కడు.

ఒక్క అంగలో వెళ్లి పెద్దక్క మణికట్టు పట్టుకున్నాను.

"అక్కా, ఆగండి."

"చెయ్యి తియ్. నిన్న చెప్పింది బుర్రకెక్కలేదా?"

"ఎక్కింది. తర్వాత ఇంకో విడత తిట్టండి, పడతాను. ముందు ఆ సిరంజి చూడండి."

వార్డంతా మావైపే చూస్తోంది. ఆవిడ చెయ్యి లాక్కోబోయింది, నేను వదల్లేదు. చివరికి విసురుగా సిరంజి వైపు చూసింది. చూపు అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"బాబూ, నావల్ల పెద్ద పొరపాటు జరగబోయింది," అని దర్జీతో తనే చెప్పింది. "ఈవిడ ఆపింది."

అతను బిక్కమొహం వేసుకుని చొక్కా దించేసుకున్నాడు.

పెద్దక్క ఇన్సులిన్ సిరంజి వెతికి తెచ్చి మళ్లీ మందు తీసింది. కొత్తపిల్ల వెక్కుతోంది.

"మీరు తీశారు కదా, తప్పెందుకుంటుందనుకున్నానక్కా."

"నేనూ అదే అనుకున్నానే. ఏడుపాపి ఇటు చూడు. నా మొహం కాదు, సిరంజి."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని సిరంజిని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.

"అక్కా... ఒక గీత ఎక్కువుంది."

పెద్దక్క సిరంజి తీసుకుని ఆ ఎక్కువైనంతా బయటికి వదిలేసింది.

"ఇప్పుడు సరిపోయిందక్కా. చూశాను."

అయినా పెద్దక్క సూది వెయ్యలేదు. నావైపు తిరిగి సిరంజి చాపింది.

"నువ్వు కూడా చూడవే," అంది.