ఖాళీ కొక్కేలు

రాయ్‌లీన్ మొదటిసారి పడిపోయినప్పుడు గొలుసు ఆగలేదు. నేను ఆమె పక్కనే ఉన్నాను, కళ్లారా చూశాను. కంపెనీ తర్వాత పేపరువాళ్లకి ఏం చెప్పుకున్నా సరే, జరిగింది ఇదీ.

కోళ్ల ఫ్యాక్టరీలో మా పని ఎలా ఉంటుందంటే, మంచునీళ్లలోంచి తీసిన కోళ్లని హర్షెల్ గొలుసుకున్న కొక్కేలకి తగిలిస్తాడు. గొలుసు మా ముందు నుంచి కదిలిపోతుంటుంది. నేను కుడి రెక్క కోస్తాను. రాయ్‌లీన్ ఎడమ రెక్క కోస్తుంది. ఆ తర్వాత యూలాలియా రొమ్ము మాంసం లాగేస్తుంది. ఒక కోడి దాటి ఇంకోటి వచ్చేలోపు ముక్కు చీదుకునే తీరిక కూడా ఉండదు. ఆ రోజు రాయ్‌లీన్ చేతిలో కత్తి జారి గచ్చు మీద పడింది, దాని వెనకే ఆమె. సూపర్‌వైజర్ టగల్ పరుగున వచ్చి ఆమెని చంకల కింద పట్టుకుని గోడ దాకా ఈడ్చాడు. ఈడ్చి, నావైపు తిరిగి, "ఆర్డెల్, రెండు రెక్కలూ నువ్వే కొయ్యి" అన్నాడు. గోడకి చేరబడ్డ మనిషి తెల్లగా పాలిపోయి చూస్తుంటే మేమంతా కోస్తూనే ఉన్నాం.

ఎందుకు కోశారని కాలేజీ పిల్లలు నన్ను అడుగుతుంటారు. అడగడం తేలిక. మా దగ్గర పని మానితే పాయింటు పడుతుంది. జ్వరమొచ్చినా పాయింటే, కారు చెడినా పాయింటే. పాయింట్లు నిండితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగంతోపాటే ఆరోగ్య ఇన్సూరెన్స్ ఊడుతుంది. ఆర్కన్సా రాష్ట్రంలో మా ఊరివాళ్లకి ఇంకో ఫ్యాక్టరీ లేదు. చక్రాల మీద తెచ్చి నిలిపిన ట్రైలర్ ఇల్లు మాదే అయినా కింద నేల మాది కాదు, ఆ నేల అద్దె ఏటికేడు పెరుగుతుంది. మా జీతం మాత్రం ఉన్నచోటే కూర్చుంటుంది. పొద్దస్తమానం కోళ్లు కోసే మేము, ఆ కోళ్లనే అంగడిలో కొనుక్కోవాలంటే తగ్గింపు స్టిక్కరు వేసిన వీపు ఎముకల కోసం చూసుకుంటాం. నెలాఖరుకి సగంమంది మోచేతుల దగ్గర సూది మచ్చలుంటాయి. అవి మత్తుమందు మచ్చలు కావు. పక్క ఊళ్లో రక్తంలోంచి ప్లాస్మా తీసుకుని డబ్బిచ్చే కేంద్రం ఉంది.

రాయ్‌లీన్‌కి కాన్సరని తేలింది. చట్టం ఇచ్చే జీతంలేని సెలవు వేసవిలోనే అయిపోయింది. మందు ఇంకా సగం కూడా ఎక్కలేదు.

అప్పుడు మేం మామూలుగా చేసే పనే చేశాం. మా ఫ్యాక్టరీలో ఎవరికైనా పెద్ద కష్టమొస్తే తోటివాళ్లు తమ సెలవులోంచి కొన్ని గంటలు ఆ మనిషి పేర రాసిస్తారు. దానికి కంపెనీ ఒక పండగ చేస్తుంది. క్యాంటీన్లో రాయ్‌లీన్ ఫొటో పెట్టారు, కేకు కోశారు, మేనేజర్ స్టాన్‌ఫిల్ వచ్చి మనమంతా ఒక కుటుంబమని కళ్లు తుడుచుకున్నాడు. కుటుంబ పెద్దగా ఆయన ఒక్క గంట కూడా ఇవ్వలేదని అప్పుడు మాకు తట్టలేదు. మేం చప్పట్లు కొట్టాం. యూలాలియా తనకున్న గంటలన్నీ ఇచ్చేసింది. గ్వాటెమాలా నుంచి వచ్చి, ఇంగ్లీషు కూడా సరిగ్గా రాని మనిషి, రాయ్‌లీన్ చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఇచ్చాను. హర్షెల్ ఇచ్చాడు. అంత గర్వంగా మేమెప్పుడూ ఇంటికి వెళ్లలేదు.

చలికాలంలో ఫ్లూ వచ్చింది. అందరి సెలవూ రాయ్‌లీన్‌కి వెళ్లిపోయింది కాబట్టి అందరం జ్వరాలతోనే వచ్చాం. మాస్కులోపల దగ్గుతూ కోశాం. కూతురి ఒళ్లు కాలిపోతుంటే యూలాలియా ఆ పిల్లని పక్కింట్లో వదిలేసి వచ్చింది, కన్నీళ్లు తుడుచుకోడానికి కూడా చెయ్యి ఖాళీలేక అలాగే మాంసం లాగింది. ఆ జ్వరాలే తిరిగి తిరిగి, చూడ్డానికి వెళ్లిన మా వెంటే, మందుతో ఒంట్లో సత్తువ పోయిన రాయ్‌లీన్‌ దాకా చేరాయి. ఆమె ఆసుపత్రి పాలైంది. మేం ప్రేమతో ఇచ్చిన దానం చేసిన పని అది.

కొత్త సంవత్సరం రాగానే ఇంకో పిడుగు. రాయ్‌లీన్ పేర ఇంకా బోలెడు గంటలు మిగిలున్నాయి. అవన్నీ డిసెంబరుతో చెల్లకుండా పోయాయట. కంపెనీ నియమమట. స్టాన్‌ఫిల్ చాలా బాధపడ్డాడు, పడి, మీ మనసు పెద్దది కదా, మళ్లీ దానం చెయ్యండి, మళ్లీ కేకు కోద్దాం అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక హాల్లో కూర్చున్నాం. నల్లవాళ్లం, తెల్లవాళ్లు, గ్వాటెమాలావాళ్లు. ఎవరిళ్ల నుంచి వాళ్లు తెచ్చిన గిన్నెలు బల్ల మీద ఉన్నాయి. ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించిన టమాలీలు. తినేటప్పుడు మాత్రం అందరం కలిసే తింటాం. మాట మొదలైందో లేదో మూడు ముక్కలయ్యాం. మీవాళ్లు తక్కువకి పనిచేయబట్టే జీతాలు పెరగడంలేదని ఒక తెల్లాయన గ్వాటెమాలావాళ్ల మీద పడ్డాడు. మరి మీ తాతల కాలంలో మావాళ్లకి అదీ ఇవ్వలేదుగా అని మావాళ్లొకరు అందుకున్నారు. పాస్టరు మధ్యలో లేచి ప్రార్థన చేద్దామన్నాడు. ఇందాకే చేశాం కదయ్యా, కూర్చోమన్నాను.

హర్షెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, యూనియన్ పేరెత్తితే ఉమ్మేసే రకం. దాపరికం లేకుండా చెప్పాడు.

"ఆర్డెలక్కా, నేను సూటిగా చెప్తున్నా. మావాడికి రోజూ ఇన్సులిన్ పడాలి. అది నా ఉద్యోగంతోనే వస్తది. రాయ్‌లీనంటే నాకూ ప్రేమే. సెలవు ఇంకోసారి రాయమంటే రాస్తా. కంపెనీతో కొట్లాడమంటే మాత్రం నావల్ల కాదు."

అతని మాటని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. అందరింట్లోనూ అలాంటి సీసా ఏదో ఒకటుంది. అప్పుడు యూలాలియా లేచింది. వచ్చీరాని మాటల్లోనే అడిగింది.

"ఇంకేం రాస్తావన్నా? సెలవు ఇచ్చేశాం. రక్తం అమ్మేసుకున్నాం. వచ్చే ఏడాది మేనేజరు ఏం ఇమ్మంటాడు? కిడ్నీనా?"

కొందరు నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్లొత్తుకున్నారు.

రాయ్‌లీన్ వెనక బెంచీలో, తలకి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. తన గురించి నలుగురు ఇలా బేరాలాడుకోవడం వినాల్సిరావడం ఏ మనిషికీ వద్దు. లేచి నిలబడ్డానికి నా భుజం పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నాకింక ఎవరూ ఏమీ ఇవ్వొద్దు. పోయినసారి మీరిచ్చింది మీ సెలవు కాదు తల్లీ, మీ పిల్లల జ్వరాలు. మన చేతుల్లోంచి తీసి మన చేతుల్లోనే పెడితే కంపెనీవాడి జేబుకేం తగ్గింది? నన్ను ఉంచాల్సింది వాడు. వాణ్ణి అడగండి. అడగడానికి మీకు నోరు రాకపోతే నేనే పనికొస్తా, వాడి కళ్ల ముందే చస్తా."

చివరికి ఒకటి తేలింది. ఎవరూ దానం కాగితం మీద సంతకం పెట్టకూడదు. మందు పూర్తయ్యేదాకా రాయ్‌లీన్ పేరు ఉద్యోగంలో ఉంచమని అందరం కలిసి అడగాలి. హర్షెల్ అందుకు ఒప్పుకున్నాడు, అంతకుమించి ఒక్క అడుగు కూడా వెయ్యనని మాత్రం ముందే చెప్పేశాడు.

అడిగాం. స్టాన్‌ఫిల్ మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఒక్కరికి చేస్తే అందరికీ చెయ్యాల్సొస్తుందని నెమ్మదిగా నచ్చజెప్పాడు. అవును, అందరికీ చెయ్యాలనే అడుగుతున్నామని యూలాలియా అంది. ఆయన ఆమె మాట అర్థం కానట్టు నావైపు చూశాడు. రాయ్‌లీన్‌కి పాయింట్లు నిండడానికి ఇంక ఒక్కటే తక్కువుందని, సోమవారం రాకపోతే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పి లేచాడు.

సోమవారం రాయ్‌లీన్ వచ్చింది. గేటు దగ్గర ఆమెని చూసి ఇంటికి పొమ్మన్నాను. పోతే మందు పోతుంది, ఉంటే ప్రాణం పోతుంది, ఏది పొమ్మంటావక్కా అని నవ్వింది. ఆప్రాను నేనే కట్టాను. నడుము చుట్టూ రెండుసార్లు తిప్పినా తాడు మిగిలింది. ఆమె ఎత్తలేని రెక్కలు నేను కోశాను, నేను అందుకోలేనివి యూలాలియా కోసింది. భోజనం గంట దాకా అలా ఈడ్చుకొచ్చాం. గంట కొట్టకముందే ఆమె పడిపోయింది.

గొలుసు ఆగలేదు. టగల్ వచ్చాడు, చంకల కింద చేతులు వేశాడు, గోడ దాకా ఈడ్చాడు. ఈసారి రాయ్‌లీన్ కళ్లు తెరవలేదు. అంబులెన్సుకి ఫోను చెయ్యమని ఎవరికో అరిచి, నావైపు తిరిగి మళ్లీ అదే మాట అన్నాడు.

"ఆర్డెల్, రెండు రెక్కలూ నువ్వే కొయ్యి."

నేను కత్తి ఎత్తాను. కొయ్యడానికి ఎదురుగా కోడి లేదు. ఖాళీ కొక్కెం ఊగుతూ వచ్చి వెళ్లిపోయింది. దాని వెనక ఇంకోటి, అదీ ఖాళీనే. మెడ చాచి చూశాను. గొలుసు మొదట్లో హర్షెల్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అతని ముందు తొట్టి నిండా కోళ్లున్నాయి. అతను రాయ్‌లీన్‌ని తప్ప దేన్నీ చూడటంలేదు. టగల్ వెళ్లి భుజం తట్టాడు, బతిమాలాడు, తర్వాత బూతులు తిట్టాడు. హర్షెల్ కదలలేదు. యూలాలియా కత్తిని బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడు విని నేనూ పెట్టాను. ఆ తర్వాత ఫ్లోరు పొడుగునా అదే చప్పుడు.

అంబులెన్సు రాయ్‌లీన్‌ని తీసుకుపోయింది. స్టాన్‌ఫిల్ షెరీఫ్ పోలీసుల్ని పిలిపించాడు. మొదలుపెట్టింది హర్షెలే కాబట్టి అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. నా ముందు నుంచి వెళ్తూ ఆగాడు.

"అక్కా, మావాడి మందు ఈ వారంతో అయిపోద్ది."

అంతే అన్నాడు. ఆ గొంతులో ధైర్యం లేదు, మీకు అబద్ధం చెప్పను. ఉన్నదంతా భయమే. మేమున్నాం అన్నాను. మేమెలా ఉంటామో, ఏం పెట్టి కొంటామో నాకూ తెలియదు. అయినా అన్నాను.

మేం నిలబడే ఉన్నాం. కాసేపటికి టగల్ ఫోనులో ఏదో విని ముఖం వేలాడేసుకుని స్టాన్‌ఫిల్ చెవిలో చెప్పాడు. స్టాన్‌ఫిల్ టోపీ తీశాడు. దారిలోనే రాయ్‌లీన్ ప్రాణం పోయిందని చెప్పాడు. వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పొద్దున ఆప్రాను తాడు రెండు చుట్లు తిప్పిన వేళ్లనే చూసుకున్నాను.

ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. ఆమె మీద గౌరవంతో అందరం పనిలోకి దిగుదామన్నాడు. అంత్యక్రియల ఖర్చుకి క్యాంటీన్లో పెట్టె పెట్టిస్తానన్నాడు. మీ మనసు పెద్దది, తలా ఇంత వెయ్యండి అన్నాడు.

ఎవరూ కదలలేదు. "హర్షెల్ వచ్చేదాకా ముట్టుకోం," అంది యూలాలియా. ఈసారి ఆయన నావైపు చూడలేదు. ఆమె మాట ఆయనకి బాగానే అర్థమైంది.

అప్పుడు స్టాన్‌ఫిల్ కోటు విప్పి టగల్ చేతికిచ్చాడు. చొక్కా చేతులు మడుచుకుని, తానే హర్షెల్ నిలబడే చోటికి వెళ్లాడు. మంచులాంటి కోడిని తీసి, జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుని, కొక్కేనికి తగిలించాడు. ఇంకోటి తగిలించాడు. ఉద్యోగం ఉంచుకోవాలనుకున్నవాళ్లు కత్తి ఎత్తొచ్చు, మిగతావాళ్లకి గేటు తెరిచే ఉంది అని అక్కడి నుంచి అరిచాడు.

మొదటి కోడి నా ముందుకి వచ్చింది. నా పక్కన రాయ్‌లీన్ నిలబడే చోట ఆమె చేతి నుంచి పడిన కత్తి ఇంకా గచ్చు మీదే ఉంది. కోడి నన్ను దాటింది, ఆ ఖాళీ చోటు దాటింది, యూలాలియాని దాటింది. రెండు రెక్కలతో అలాగే గొలుసు చివరికి వెళ్లి నేల మీద పడింది. దాని మీద రెండోది పడింది.