జులైలో కురిసిన మంచు

సాయంత్రం మాన్‌హాటన్ నుంచి ట్రైన్‌లో జెర్సీ సిటీకి తిరిగొచ్చి లిఫ్ట్ దిగగానే రాగిణి ముందు కారిడార్‌ని వాసన చూసేది. ఉప్పుగాలి తగిలితే, ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఎట్టోరే బెల్లాని, ఏదో జాలరుల సినిమా గురించి ఎవరికో చెబుతున్నాడని అర్థం. దుమ్ము రేగితే కౌబాయ్ సినిమా. ఆయన ఏ సినిమా కబుర్లు చెబితే అది తీసిన చోటి వాతావరణం ఆ అంతస్తంతా పరుచుకునేది. జనం చెప్పులు లోపల పెట్టుకుని, గుమ్మాలు తుడుచుకుని, ఎవరి పనుల్లో వాళ్లు పడేవాళ్లు.

ఎనభై దాటిన ఎట్టోరే ఒకప్పుడు రోమ్‌లో నిర్మాత. సినిమాలు ఆడని రోజుల్లో టీవీ సీరియళ్లకి మళ్లాడు. వాటిని అమ్మడానికి అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సీరియళ్ల గురించి చెబితే మాత్రం స్టూడియో ఏసీ చల్లదనం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

రాగిణికి ఆ కబుర్లంటే ప్రాణం. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో తను అసిస్టెంట్ డైరెక్టర్. ఇప్పుడు బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కృష్ణానగర్‌లో సినిమావాళ్లతో తాగిన చాయ్, క్లాప్ చప్పుడు గుర్తొస్తే వెళ్లి ఆయన తలుపు తట్టేది.

జులైలో ఒక ఆదివారం ఆయన అట్టపెట్టెలు సర్దుతూ కనిపించాడు.

"మావాడు ఫ్లోరిడాలో సీనియర్ హోమ్ బుక్ చేశాడమ్మా. వచ్చే వారమే ప్రయాణం."

రాగిణి అడిగింది. "మీరు నాకు చెప్పని సినిమా ఇంకేదైనా ఉందా?"

ఎట్టోరే పెట్టె మీద కూలబడ్డాడు. "ఒకటుంది. ఆఖరి సీన్‌లో ముసలి తండ్రి మంచులో నడిచొచ్చి కొడుకింటి తలుపు కొట్టాలి. ఆ ఏడు మంచు పడలేదు. చూసి చూసి యూనిట్‌ని పంపేశాను. తండ్రి వేషం వేసినాయన పోయాడు, సినిమా అలాగే ఆగిపోయింది. ఆ తర్వాతే నేను టీవీకి వెళ్లిపోయింది."

చెబుతుండగానే కారిడార్‌లో మంచు మొదలైంది.

రాగిణి ఇంట్లోకి పరిగెత్తింది. "జగదీష్! నా కెమెరా ఎక్కడ? నువ్వు లైట్ పట్టుకో!"

భర్త స్వెటర్ తొడుక్కుని టేబుల్ ల్యాంప్‌తో వచ్చాడు.

"నడవండి, ఎట్టోరే గారూ."

"నేను నిర్మాతని, నటుణ్ని కాను."

"డైరెక్టర్ చెప్పినట్టు చెయ్యండి," అని, తన మాటకి తనే ఉలిక్కిపడింది.

ఆయన నడిచాడు. భుజాల మీద మంచు పేరుకుంటుండగా తన తలుపే తట్టి, తీస్తారేమోనని నిలబడ్డాడు. రాగిణి కట్ చెప్పడం మర్చిపోయింది.

కాసేపటికి ఎట్టోరే కొడుక్కి ఫోన్ చేశాడు. "రాలేనురా. సినిమా ఎడిటింగ్‌లో ఉంది."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "టైటిల్స్‌లో డైరెక్టర్ల పేర్లు ఇప్పుడు రెండు పడాలి, అప్పటాయనది, నీది. నీ పూర్తి పేరేమిటి?"

రాగిణి కెమెరాలో ఆ షాట్‌నే మళ్లీ మళ్లీ చూసుకుంటోంది. పక్కన ల్యాంప్ పట్టుకున్న జగదీష్ ఒక్కో అక్షరమూ పలికి చెప్పాడు.