జవాబుకు చోటు

పసిపిల్లల్ని చూసుకునే మా కేంద్రంలో నాకు 'మూగమ్మ' అని పేరు. మూగదాన్నేం కాదు, లోపల వసపిట్టనే. మా ఆయన పోయాక ఇంట్లో మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరూ లేరు. వాడకపోతే నోరు కూడా తలుపు గడియలా బిగుసుకుపోతుంది కాబోలు. పనిలో మాత్రం నా చేతికి తిరుగులేదు. ఎంత పేచీకోరు పిల్లయినా నా భుజాన వేస్తే చాలు, ఇట్టే నిద్రపోతుంది.

ఈ ఏడు మాలాంటివాళ్లకు శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. మంచిదే, ఇన్నాళ్లకైనా మేము కంటికి ఆనాం. అయితే చివర్లో పరీక్ష ఉంటుందట. నెగ్గినవాళ్లు చంటిపిల్లల గదిలో, తప్పినవాళ్లు వంటగదిలో. ఆ మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది. నేను పనిచేసే ఆ చంటిపిల్లల గది కూడా పోతే నాకు ఇంకేం మిగులుతుంది?

మొదటిరోజే తలా ఒక బొమ్మ చేతిలో పెట్టారు. చంటిపిల్లంత బరువుంది. ఇన్నేళ్లు పిల్లల్ని మోసిన నాకు బొమ్మనిచ్చి ఎత్తుకోవడం నేర్పుతారట! ఒళ్లు మండిపోయింది. పాఠం చెప్పే అమ్మాయి చూస్తే, నాకో కూతురుంటే ఆ వయసుండేది.

"ముట్టుకునే ముందు చెప్పాలమ్మా. ఎత్తుకుంటున్నాను, గుడ్డ మారుస్తున్నాను అని. చెప్పి కాస్త ఆగాలి."

"ఆగడం దేనికి?"

"వాళ్లు బదులు చెప్పొద్దూ?"

"నెలల పిల్లాడు బదులేం చెప్తాడమ్మా, నా మొహం!" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

"చెప్తాడమ్మా, మీరు ఆగితే."

బొమ్మను ఇంటికి తీసుకెళ్లి సాధన చేయమన్నారు. తువ్వాల్లో చుట్టి బస్సెక్కితే, పసిబిడ్డ అనుకుని ఓ పెద్దాయన లేచి నాకు సీటివ్వబోయాడు. తీరా తువ్వాలు తొలగి బొమ్మ మొహం బయటపడేసరికి, నన్ను ఎగాదిగా చూసి మళ్లీ కూర్చున్నాడు.

ఇంట్లో దాన్ని మంచం మీద పడుకోబెట్టి మొదలుపెట్టాను. లైటు వేస్తున్నా. కూర తరుగుతున్నా. చూరు కారుతోంది, ఎవరికి చెప్పుకోను? రెండు రోజులయ్యేసరికి మా ఆయన జబ్బు సంగతి దాకా వచ్చాను. మాట్లాడటం వచ్చేసింది కానీ ఆగడం రాలేదు. ఆగితే ఇల్లెంత నిశ్శబ్దంగా ఉందో వినబడేది, భయమేసేది. అందుకని ఊపిరి తిప్పుకోకుండా వాగేదాన్ని. క్లాసులోనూ అదే వరస.

"బాగా మాట్లాడుతున్నారమ్మా, కానీ జవాబుకు చోటివ్వట్లేదు. ఇలాగైతే పరీక్ష కష్టం" అంది ఆ అమ్మాయి.

పరీక్ష మా గదిలోనే పెట్టారు. బొద్దుగా ఉంటాడని మేం బుడ్డోడు అని పిలుచుకునే పిల్లాణ్ణి నా ముందు పడుకోబెట్టారు. పరీక్ష చూసేవాళ్లు, పాఠం చెప్పిన అమ్మాయి గోడవారగా కూర్చున్నారు.

"బుడ్డోడా, నీ గుడ్డ మారుస్తాను, సరేనా?" అని పళ్ల బిగువున ఆగాను. ఎవరూ కిమ్మనలేదు. అచ్చం మా ఇల్లే. ఇక నావల్ల కాదు, వాగేస్తాను అనుకునేసరికి వాడు కాళ్లు పైకెత్తి నా కళ్లలోకి చూసి "ఊఁ" అన్నాడు.

మా ఆయన పోయాక అలా నా మొహంలోకి చూసి ఒకరు బదులు పలకడం అదే మొదలు. తర్వాత ఏం చెప్పాలో మరిచిపోయాను. కళ్లనీళ్లు బొటబొటా కారిపోయాయి.

"కానివ్వండమ్మా" అంది ఆ అమ్మాయి మెల్లగా. కళ్లు తుడుచుకుని పని పూర్తిచేశాను. నెగ్గానని అక్కడికక్కడే చెప్పారు. బొమ్మను మాత్రం వెనక్కి తీసుకున్నారు.

సాయంత్రం బుడ్డోడి తల్లి వచ్చింది.

"ఇవాళ మీవాడు నాతో మాట్లాడాడమ్మా" అన్నాను.

"అవునా ఆంటీ! అసలు మీరు మాట్లాడటం నేనిప్పుడే వింటున్నా" అని నవ్వి వాణ్ణి చంకనేసుకుంది.

చెప్పాల్సింది బోలెడుంది. ఆవిడకేమో బస్సు వేళయింది. గేటు దాకా వెంటవెళ్లాను. ఏవేవో చెబుతూనే ఉన్నాను. "రేపు పొద్దున్నే తీసుకురామ్మా" అనేసరికి వాళ్లు మలుపు తిరిగిపోయారు. వీధిలో ఎవరూ లేరు. అయినా కాసేపు ఆగాను.